మసక వెలుతురున ఛాయాచిత్రము

మన పాఠశాలలో ముప్పది యేండ్లు గంట కొట్టిన బంట్రోతుగారు 2023వ సంవత్సరము మార్చి నెలలో పని విరమించిరి. ఆ సాయంకాలము హాలులో జరిగిన వీడ్కోలు సభలో చిత్రములు తీయు పని మాకు అప్పగింపబడెను. చేయి వణకునని కెమెరాను బల్లపై నిలిపి తీసితిమి. మరునాడు చూడగా వెనుక గోడమీది గడియారము అంకెలతో సహా స్పష్టముగ నున్నది. పూలదండకు తల వంచిన ఆయన ముఖము మాత్రము చెదరిపోయినది. పదిదినముల పిదప ఆయన కుమార్తె ఆ చిత్రము ప్రతి కావలెనని యడిగినపుడు మేము తల దించుకొంటిమి. ఆ పొరపాటునకు కారణమును, దానిని తప్పించుకొను విధమును ఇచట మనవి చేయుచున్నాము.

చిత్రము వెలుగును నిర్ణయించునవి మూడు. లెన్సులోని రంధ్రము, అనగా అపర్చరు, ఎంత పెద్దదైన అంత వెలుతురు లోనికి వచ్చును. షట్టరు ఎంతసేపు తెరచియుండిన అంత వెలుతురు చేరును. మూడవది ఐ.ఎస్.ఓ. అను సంఖ్య. ఫిలిము వాడు దినములలో వెలుతురునకు ఫిలిము ఎంత చురుకుగా లోబడునో ఈ సంఖ్య తెలుపుచుండెను. అమెరికా వారి ఏ.ఎస్.ఏ. లెక్కయు, జర్మనీ వారి డిన్ లెక్కయు వేరువేరుగ నుండగా, 1974లో ఆ రెండును ఒకే అంతర్జాతీయ ప్రమాణముగ కలుపబడెను. ఫిలిము చుట్ట నొకసారి కెమెరాలో పెట్టిన, అది ముగియువరకు సాధారణముగ అదే సంఖ్య. డిజిటల్ కెమెరాలో ప్రతి చిత్రమునకును దానిని మార్చుకొనవచ్చును.

అయినను ఒక సంగతి మరువరాదు. ఈ సంఖ్యను పెంచినంత మాత్రమున కెమెరాలోనికి వెలుతురు హెచ్చుగా రాదు; వచ్చిన కొద్ది వెలుతురునే యంత్రము హెచ్చించి చూపును. సభలో మైకు ధ్వని పెంచిన మాటతోపాటు గరగర శబ్దమును పెరుగునట్లు, చిత్రములో రంగురంగుల చుక్కలు బయలుపడును. దీనినే నాయిస్ అందురు. దానికి ముఖ్య కారణము వెలుతురు కొరతయే. వెలుతురు వానచినుకులవలె విడివిడి కణములుగ పడును. ఒకచోట సగటున 10,000 కణములు పడుచున్న హెచ్చుతగ్గులు సుమారు 100, అనగా నూటికి ఒకటి. 100 కణములే పడుచున్న హెచ్చుతగ్గులు సుమారు 10, అనగా నూటికి పది.

ఐ.ఎస్.ఓ. 100, 200, 400, 800, 1600 అని రెట్టింపగుచు పోవును. ఒక్కొక్క మెట్టు ఎక్కినకొలది షట్టరు కాలమును సగము చేయవచ్చును. మన హాలులో లెన్సును ఎఫ్ 2.8 వరకు తెరచి కొలువగా, 100 వద్ద 1/8 సెకను కావలసివచ్చినది. ఆ లెక్కన 200 వద్ద 1/15, 400 వద్ద 1/30, 800 వద్ద 1/60, 1600 వద్ద 1/125 సెకను చాలును. సెకనులో ఎనిమిదవ వంతు సేపు గడియారము కదలదు, మనిషి కదలును. సంఖ్య పెంచిన చిత్రము చెడునని విని, భయపడి, మేము 100 వద్దనే నిలిచితిమి. 1600 పెట్టియుండినచో ముఖముపై కొన్ని చుక్కలు పడియుండును. కాని అది ఆయన ముఖమై యుండును.

కావున ఈ క్రమమును పాటింపుడు. మొదట మనిషిని కిటికీ చెంతకో దీపము చెంతకో పిలువుడు. పిదప లెన్సును తెరువుడు, ఎఫ్ 5.6 నుండి ఎఫ్ 2.8కి తెరచిన వెలుతురు నాలుగు రెట్లగును. అయితే రెండు మూడు వరుసలలో నిలిచిన గుంపునందు అందరును స్పష్టముగ కనబడుటకు రంధ్రమును కొంత మూయవలసి యుండును. ఆ తరువాత కదలికకు తగిన షట్టరు నెంచుకొనుడు: మాటలాడువారికి 1/125, నాట్యమాడు పిల్లలకు 1/250 లేక 1/500. చివరకు ఐ.ఎస్.ఓ. సంఖ్యను కావలసినంత పెంచుడు. అంతకు మించి వలదు.

రాత్రివేళ దీపాలంకరణముతో నున్న భవనము వంటి కదలనివానికి వేరు మార్గము గలదు. కెమెరాను మూడుకాళ్ల స్టాండుపై నిలిపి, సంఖ్యను 100 వద్దనే యుంచి, షట్టరును కొన్ని సెకనులు తెరచియుంచవచ్చును.

చీకటిగ తీసి, ఆనక కంప్యూటరులో వెలుగు పెంచుదమని తలచువారును గలరు. అట్లు చేసినను నీడలలోని చుక్కలు పైకి వచ్చును. చుక్కలను కొంతవరకు తగ్గింపవచ్చును. చెదరిన ముఖమును నేటి యంత్రములు దిద్దినను, అది యంత్రము ఊహించిన ముఖమే గాని ఆ మనిషి ముఖము కాదు.

విద్యార్థులారా! నేటి సాయంకాలము దీపము వెలిగించిన పిదప అమ్మనో తాతగారినో కూర్చుండబెట్టి, 100 మొదలు 6400 వరకు ఏడు చిత్రములు తీసి, పక్కపక్కన పెట్టి చూడుడు. పెక్కు సెల్‌ఫోనులలోను ఈ సంఖ్యను మార్చుకొను వీలున్నది. ఏ సంఖ్య వరకు చిత్రము మీకు నచ్చునో గుర్తించి, ఒక కాగితముపై వ్రాసియుంచుకొనుడు. ఆ పాటి పరీక్ష మేము ముందుగ చేసియుండినచో ఆనాడు సంకోచింపక యుందుము. రాబోవు వీడ్కోలు సభలో కెమెరా పట్టువారు మీలోనివారే. ఆ యింటివారు ప్రతి యడిగినపుడు మీరు ఇయ్యగలుగవలెను.