లేపాక్షి యాత్ర.. బస ఎక్కడ?

హిందూపురం: లేపాక్షి వీరభద్రాలయాన్ని తిలకించేందుకు కుటుంబాలతో వచ్చే వారికి రాత్రి బస ఎక్కడన్నదే తొలి ప్రశ్న. వేలాడే స్తంభం, ఏకశిలా నంది, పైకప్పు చిత్రాలు తీరిగ్గా చూడాలంటే ఒక పూట చాలదు. ఊళ్లో పర్యాటకాభివృద్ధి సంస్థ గదులు పరిమితమే కావడంతో సుమారు 15 కిలోమీటర్ల దూరంలోని హిందూపురం లాడ్జీలే ఆధారం.

1565లో రక్కసి తంగడి యుద్ధం తర్వాత విజయనగర రాజధానిగా వెలిగిన పెనుకొండలో గగన్‌మహల్‌, బాబయ్య దర్గా దర్శనీయాలు. సమీపంలోని కియా కర్మాగారంలో 2019లో ఉత్పత్తి మొదలయ్యాక ఇక్కడికి పనిమీద వచ్చేవారూ పెరిగారు. ధర్మవరంలో పెళ్లిళ్ల కాలంలో పట్టుచీరల కొనుగోలుదారుల తాకిడి ఉంటుంది. ముందుగా ఫోన్‌ చేసుకోవడమే మేలు.

అద్దె తక్కువని సంబరపడేలోపు లెక్కింపు పద్ధతి అడగాలి. రాత్రి 10 గంటలకు రైలు దిగినవారికి 24 గంటల పద్ధతిలో మరుసటి రాత్రి 10 వరకు గది ఉంటుంది. మధ్యాహ్నం 12కు ఖాళీ చేయాలన్న చోట ఆపై ఉంటే మరో రోజు అద్దె పడవచ్చు.

పన్నుపైనా స్పష్టత అవసరం. 2022 జులై 18 నుంచి వెయ్యి రూపాయల లోపు గదులకూ జీఎస్టీ వర్తించింది. అప్పట్లో 12 శాతంగా ఉన్నది, 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు రూ.7,500 వరకు అద్దెపై 5 శాతమైంది. అంటే రూ.1,200 గదికి రూ.60. జీఎస్టీ నమోదు లేని చిన్న లాడ్జీలు పన్ను పేరిట వసూలు చేయరాదు. బిల్లుపై జీఎస్టీ సంఖ్య ఉందో లేదో చూసుకోవాలి.

పిల్లలకు అదనపు పరుపు రుసుము, వేణ్నీళ్లు ఇచ్చే వేళలు కూడా గది తీసుకోకముందే అడగాలి. పెద్దలందరి గుర్తింపు కార్డులు వెంట ఉండాలి.