ప్లాస్మాకు ఎదురొడ్డే టంగ్‌స్టన్ పూత

కేంద్రక సంలీనం, అంటే తేలికైన పరమాణు కేంద్రకాలు ఒకటిగా కలిసి అపారమైన శక్తిని వెలువరించే చర్య, భూమి మీద జరగాలంటే హైడ్రోజన్ రూపాలైన డ్యుటీరియం, ట్రిటియంలను దాదాపు 15 కోట్ల డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేయాలి. ఆ వేడికి పరమాణువులు ఎలక్ట్రాన్లను కోల్పోయి, విద్యుదావేశం గల ప్లాస్మాగా మారతాయి. టోకమాక్ అనే కంకణాకారపు యంత్రంలో అయస్కాంత క్షేత్రాలు ఈ ప్లాస్మాను గోడలకు తగలకుండా పట్టి ఉంచుతాయి గాని, అంచుల నుంచి జారిపోయే కణాలు డైవర్టర్ అనే భాగాన్ని ఎడతెగకుండా తాకుతూనే ఉంటాయి. ఫ్రాన్స్‌లో భారత్ సహా ఏడు పక్షాలు నిర్మిస్తున్న ఐటర్ యంత్రంలో ఈ భాగం చదరపు మీటరుకు 10 మెగావాట్ల వేడిని నిలకడగా భరించాలి.

అంతటి వేడికి ఎదురు నిలిచే లోహం టంగ్‌స్టన్. పాతకాలపు విద్యుత్ బల్బులో తీగగా వెలిగిన ఈ లోహం 3,400 డిగ్రీలు దాటితే గాని కరగదు. పైగా, ఒకప్పుడు గోడలకు వాడిన కార్బన్‌లా విలువైన ట్రిటియంను పెద్ద మొత్తంలో తనలో బంధించుకోదు. అయితే అది బరువైనది, పెళుసైనది, కోసి మలచడానికి కష్టమైనది. అందుకే ఉక్కుతోనో గ్రాఫైట్‌తోనో చేసిన భాగాలపై దానిని పూతగా వేసే ఆలోచన వచ్చింది.

ఈ పూత వేసేదీ ప్లాస్మాయే కావడం విశేషం. పిచికారీ తుపాకిలో విద్యుత్ చాపం గుండా ఆర్గాన్, హైడ్రోజన్ వాయువులు సాగి, పదివేల డిగ్రీలను మించిన జ్వాలగా వెలువడతాయి. అందులోకి వదిలిన టంగ్‌స్టన్ పొడి కరిగి, చుక్కలుగా దూసుకెళ్లి, తగిలిన చోటనే చదునై, క్షణంలో వెయ్యోవంతులోపే గట్టిపడుతుంది. ఆ పూతను అడ్డంగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే, పూతరేకుల మడతల్లా పలుచని రేకులు ఒకదానిపై ఒకటి పేరుకుని, నడుమ సన్నని సందులతో కనిపిస్తాయి. ఆ సందులే దాని బలహీనత, ఎందుకంటే వేడి వాటిని దాటి లోపలికి సాగడం కష్టం. గాలి తగిలితే టంగ్‌స్టన్ ఆక్సైడ్‌గా మారుతుంది కనుక, గాలిని తోడేసిన గదిలో అల్పపీడనం వద్ద ఈ పని చేస్తారు.

అసలు చిక్కు మాత్రం అతుకు దగ్గరే ఉంది. వేడెక్కినప్పుడు ఉక్కు టంగ్‌స్టన్ కంటే రెండింతలకు పైగా వ్యాకోచిస్తుంది కనుక, వేడెక్కి చల్లారిన ప్రతిసారీ ఆ రెండింటి సరిహద్దు లాగుడుకు గురై, పూత చిట్లి ఊడిపోయే ప్రమాదం ఉంటుంది. ఊడిన రేణువు ప్లాస్మాలో చేరితే నష్టం మరీ ఎక్కువ. లక్షకు కొన్ని టంగ్‌స్టన్ పరమాణువులు కలిసినా అవి శక్తిని కిరణాలుగా వెదజల్లి ప్లాస్మాను చల్లార్చేస్తాయి. దీనికి విరుగుడుగా అడుగున ఉక్కు పాలు ఎక్కువగా, పైకి పోయేకొద్దీ టంగ్‌స్టన్ పాలు ఎక్కువగా ఉండేలా మిశ్రమ పొరలు వేసే పద్ధతిని పరిశోధకులు రూపొందించారు.

జర్మనీలోని గార్షింగ్‌లో ఉన్న ఆస్‌డెక్స్ అప్‌గ్రేడ్ టోకమాక్‌లో 1990ల మధ్యలోనే, గ్రాఫైట్ పలకలపై అర మిల్లీమీటరు మందాన ప్లాస్మా పిచికారీ చేసిన టంగ్‌స్టన్‌ను డైవర్టర్‌లో పరీక్షించారు. 2007 నాటికి ఆ యంత్రంలో ప్లాస్మాకు ఎదురుగా ఉండే గోడలన్నీ టంగ్‌స్టన్‌వే అయ్యాయి. ఐటర్ డైవర్టర్‌లో మాత్రం వేడి తీవ్రంగా తగిలే చోట పూతను కాక గట్టి టంగ్‌స్టన్ దిమ్మెలనే వాడుతున్నారు. పిచికారీ పూతకు తగిన చోటు, వేడి అంతకన్నా తక్కువగా ఉండే విశాలమైన లోపలి గోడ.