రెండో సంతకం

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల పల్లెల్లో నెలకోసారి గ్రామ సమాఖ్య సమావేశం జరుగుతుంది. పంచాయతీ ఆఫీసు వరండాలోనో, బడి గదిలోనో, సొంత భవనం ఉంటే అందులోనో జంపఖానా పరుచుకుని ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుంటారు. ఒక్కో పొదుపు సంఘం నుంచి లీడర్లు వస్తారు. ముందు హాజరు వేస్తారు. పోయిన నెల తీర్మానాలు చదువుతారు. ఆ తర్వాత ఎవరి కిస్తీ కట్టారు, ఎవరిది ఆగింది, కొత్త అప్పు ఎవరికి అనే లెక్క మొదలవుతుంది. తీర్మానం రాశాక పుస్తకం ఒక్కొక్కరి ఒళ్లోకి వెళ్తుంది. వేలిముద్ర వేసేవాళ్లు వేస్తారు, సంతకం నేర్చుకున్నవాళ్లు అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పెడతారు. బ్యాంకు నుంచి డబ్బు తీయాలంటే ఒక్కరి సంతకం చాలదు. లీడర్లు కూడా కలకాలం వాళ్లే ఉండకూడదన్నది నియమం.

స్వచ్ఛంద సంస్థల్లో రేపటి నాయకులను తయారు చేసుకోవడం ఎలా అన్న ప్రశ్నకు జవాబులో సగం ఈ జంపఖానా మీదే ఉంది. మిగతా సగం దొరకాల్సిన సంస్థల ఆఫీసు గదుల్లో మాత్రం చాలాచోట్ల అది కనిపించదు.

ఈ మూడు జిల్లాలు ఒకప్పుడు భాగమైన ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో కరవు, వలస, బాల్యవివాహాలు, జోగినీ దురాచారం లాంటి సమస్యల మీద పనిచేయడానికి ఎన్నో చిన్న సంస్థలు పుట్టాయి. వాటిని నిలబెట్టింది ఎక్కువగా ఒక్కో వ్యక్తి పట్టుదలే. దాతలతో మాట్లాడేది ఆయనే, లెక్కలు చూసేది ఆయనే, కలెక్టరేట్‌కు వెళ్లేదీ ఆయనే. పదేళ్లుగా ఊరూరా తిరుగుతున్న కార్యకర్తకు ఏ ఇంట్లో ఎవరికి జబ్బు చేసిందో తెలుసు, ఏ పిల్ల బడి మానేసిందో తెలుసు. సంస్థ బడ్జెట్ ఎంతో, ఏ పద్దు కింద ఎంత మిగిలిందో తెలియదు. పెద్దాయన మంచాన పడితే సంస్థ కూడా మంచాన పడుతుంది. చాలాచోట్ల రెండో వరుసలో మనుషులు ఉన్నారు కానీ, వాళ్ల చేతికి ఇచ్చిన పెత్తనమే లేదు.

నిజానికి మనుషులను తయారు చేయడం ఈ నేలకు కొత్త కాదు. హైదరాబాద్ కొత్వాల్‌గా పేరు మోసిన రాజా బహదూర్ వెంకట రామారెడ్డి వనపర్తి సంస్థాన ప్రాంతంలో పుట్టినవారే. పల్లెల నుంచి చదువుకోసం వచ్చే పిల్లలకు నీడ ఉండాలని 1918లో హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ మొదలుపెట్టించారు. గద్వాల దగ్గరి ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి ఆ హాస్టల్ బాధ్యతలు చూశారు. 1926లో గోలకొండ పత్రిక స్థాపించారు. తెలంగాణలో తెలుగు కవులే లేరన్న మాటకు 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చి జవాబిచ్చారు. 1952 ఎన్నికల్లో వనపర్తి నుంచి శాసనసభకు గెలిచారు. హాస్టల్, పత్రిక, సభలు, గ్రంథాలయాలు ఆ తరంలో నాయకత్వ బడులుగా పనిచేశాయి. వాటి గుమ్మం దాటి లోపలికి రాగలిగింది మాత్రం కొద్దిమందే. ఎక్కువగా చదువుకునే వీలున్న మగపిల్లలకే ఆ దారి తెరుచుకుంది.

ఆ గుమ్మం పల్లె ఆడవాళ్లకు తెరుచుకోవడానికి మరో డెబ్భై ఏళ్లు పట్టింది. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత కేంద్రం మహిళా సమాఖ్య కార్యక్రమం చేపట్టింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1993లో అది మహిళా సమతగా మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో అడుగుపెట్టింది. గేదెలో, సబ్సిడీలో పంచే పథకం కాదది. కార్యకర్త కొన్ని ఊళ్లను ఎంచుకుని, కూలికి పోయి వచ్చిన ఆడవాళ్లతో రాత్రిపూట వాడల్లో కూర్చుని మాట్లాడేది. ఏమిస్తారని అడిగితే ఇచ్చేందుకు చేతిలో ఏమీ ఉండేది కాదు. మంచినీళ్లు ఎందుకు రావడం లేదు, రేషన్ ఎందుకు తక్కువ తూస్తున్నారు, పిల్లకు పన్నెండేళ్లకే పెళ్లి ఎందుకు అన్న చర్చ నడిచేది. మండలాఫీసుకు వెళ్లి అడగాల్సి వస్తే కార్యకర్త వెనక నిలబడాలి, సంఘం ముందుండి మాట్లాడాలి. బడి మానేసిన అమ్మాయిల కోసం మహిళా శిక్షణ కేంద్రాలు పెట్టారు. ఊళ్లలో ఏర్పడిన ఆడవాళ్ల సంఘాలు మండల స్థాయిలో సమాఖ్యలుగా కూడుకున్నాయి.

ఇదే మహిళా సమత ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం (యూఎన్‌డీపీ) సాయంతో ‘సమతా ధరణి’ పేరుతో తెలంగాణ జిల్లాల్లో ఆడవాళ్ల ఉమ్మడి సేద్యం నడిపింది. బీడు భూములు, కౌలు భూములు తీసుకుని గుంపుగా సాగు చేశారు. తర్వాతి కాలంలో ఆర్థికవేత్త బీనా అగర్వాల్ కేరళ, తెలంగాణల్లోని ఇలాంటి గుంపు సేద్యాలను పోల్చి చూశారు. కేరళ గుంపులు దిగుబడిలోనూ, లాభంలోనూ విడి రైతులను మించాయి. తెలంగాణ గుంపులు దిగుబడి విలువలో వెనకబడినా, నికర రాబడిలో విడి రైతులతో సమానంగా నిలిచాయి. కేరళలో ప్రభుత్వ కార్యక్రమమైన కుటుంబశ్రీ అండ తెగకుండా కొనసాగింది. ఇక్కడ ప్రాజెక్టు గడువుతో పాటే అండ కూడా ముగిసింది. నాయకత్వానికీ ఇదే వర్తిస్తుంది. మూడేళ్ల ప్రాజెక్టులో మనిషికి ధైర్యం వస్తుంది. ఆ మనిషి సంస్థను నడిపే దశకు చేరాలంటే అంతకంటే చాలా ఎక్కువ కాలం తోడుండాలి. మహిళా సమాఖ్యను ప్రత్యేక పథకంగా కేంద్రం 2016 నుంచి నిలిపేసింది.

పొదుపు సంఘాల కథ వేరే దారిన సాగింది. యూఎన్‌డీపీ దక్షిణాసియా పేదరిక నిర్మూలన కార్యక్రమం 1990ల నడుమ మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో సంఘాలకు పునాది వేసింది. 2000లో మొదలైన వెలుగు ప్రాజెక్టు తొలి ఆరు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. సంఘం, గ్రామ సమాఖ్య, మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య అనే మెట్ల వరుస అలా కట్టుకుంటూ వచ్చారు.

ఆ మెట్లలో ఎక్కువ ఫలితం చూపింది కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్ (సీఆర్‌పీ) పద్ధతి. పేదరికం నుంచి పైకొచ్చిన సంఘం సభ్యురాలినే గురువును చేయడం దీని కీలకం. నలుగురైదుగురు ఆడవాళ్లు సంచీ సర్దుకుని కొత్త ఊరికి వెళ్తారు. పదిహేను రోజులు అక్కడే పేదల మధ్య ఉంటారు. ఇల్లిల్లూ తిరుగుతారు, సాయంత్రం వాడలో కూర్చోబెట్టి తమ బతుకు ఎట్లా మారిందో చెబుతారు. మీటింగ్, పొదుపు, లోపలి అప్పు, తిరిగి కట్టడం, పుస్తకాలు రాయడం అనే పంచసూత్రాలు చేయించి చూపిస్తారు. 2011 జూన్‌లో జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ మొదలయ్యాక ఇతర రాష్ట్రాలకూ ఈ పద్ధతే పాకింది. తెలుగు పల్లెల ఆడవాళ్లు బిహార్ దాకా వెళ్లి, భాష రాని ఊళ్లలో కొత్త సంఘాలకు నడక నేర్పారు. అప్పటిదాకా మండల కేంద్రం దాటని మనిషి వెయ్యి కిలోమీటర్ల దూరం వెళ్లి పాఠం చెప్పి వచ్చాక సొంత ఊళ్లో ఆమె మాటకు విలువ పెరగకుండా ఎట్లా ఉంటుంది?

ఉపాధి హామీలో సామాజిక తనిఖీ ఇంకో బడి. 2006లో ఉమ్మడి రాష్ట్రంలో తనిఖీలు మొదలయ్యాయి. వాటి కోసమే 2009లో విడిగా ఒక సొసైటీ ఏర్పాటైంది. దేశంలో ఇలాంటి ఏర్పాటుకు ఇదే నాంది. తనిఖీ చేసేవాళ్లను కూలీల కుటుంబాల్లోని చదువుకున్న యువత నుంచే తీసుకున్నారు. వాళ్లు మస్టర్ కాగితాలు పట్టుకుని పక్క ఊళ్లో గడపగడపకూ వెళ్తారు. ఫలానా వారం పని చేశావా, డబ్బు ముట్టిందా అని అడుగుతారు. కొలతల పుస్తకం తీసుకుని చెరువు కట్ట మీదికి వెళ్లి టేపు పట్టి కొలుస్తారు. ఊళ్లో గ్రామసభ, చివర మండల కేంద్రంలో ప్రజావేదిక. అధికారులందరి ఎదుట నిలబడి మైకులో ఇరవై రెండేళ్ల కూలీ బిడ్డ లెక్క చదువుతుంది. శిక్షణ గదిలో నేర్పలేని పాఠం ఇది. కాగితం చదవడం, నేల మీద సరిచూడటం, నలుగురి ముందు నిలబడి చెప్పడం, ఎదురు ప్రశ్నకు తడబడకుండా ఉండటం ఒక్క వారంలో అలవడతాయి.

గద్వాల ప్రాంతంలో ఇలాంటి యువత అవసరం మరీ ఎక్కువ. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లా అక్షరాస్యత 50 శాతానికి చేరలేదు, రాష్ట్రంలో ఇదే అట్టడుగు. సీడ్ పత్తి సాగు ఇక్కడ విస్తారం. సాయంత్రం మొగ్గలోని కేసరాలు గిల్లేయాలి, తెల్లారాక మగపువ్వు పుప్పొడి అద్దాలి. ఈ క్రాసింగ్ పనికి ఆడపిల్లలను పెట్టడం ఏళ్ల తరబడి సాగింది, సీజన్ వస్తే బడిలో వాళ్ల జాగా ఖాళీ. రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచి బాల కార్మికత మీద పనిచేసిన ఎం.వి. ఫౌండేషన్ ఇలాంటి చోట్ల ఏం చేయాలో చూపింది. పల్లెల్లో తొలితరం చదువుకున్న యువకులను కార్యకర్తలుగా తీసుకుంది. బాల కార్మిక విమోచన వేదిక పేరుతో ప్రభుత్వ టీచర్లే కూడుకునేలా చేసింది. సంస్థను నడిపించిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు, 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ తొలి అధ్యక్ష పదవి వచ్చాయి. పొలం నుంచి పిల్లను బడికి మళ్లించింది మాత్రం ఆ ఊరి అబ్బాయో, అమ్మాయో.

నాగర్‌కర్నూల్ వైపు నల్లమలలో నాయకులు ఇంకో తీరున తేలారు. యురేనియం అన్వేషణ ప్రతిపాదన వచ్చినప్పుడు అమ్రాబాద్, పదర మండలాల ఊళ్లు కదిలాయి. పంచాయతీ ప్రతినిధులు, చదువుకున్న యువత, చెంచు గూడేల (పెంటల) పెద్దలు, రైతులు ఒక్కటయ్యారు. ఊరి ఆందోళన హైదరాబాద్ చేరింది, 2019 సెప్టెంబర్ 16న శాసనసభ యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. ఉద్యమం చల్లారాక ఆ చురుకైన పిల్లలకు నిలకడైన పని చూపించగలిగిన వేదికలు తక్కువ. అటవీ హక్కుల పత్రాలు, పోషకాహారం, చెంచు పిల్లల బడి లాంటి రోజువారీ పనుల్లోకి వాళ్లను తీసుకోవాల్సింది స్థానిక సంస్థలే.

తీసుకోవాలంటే జీతం ఇవ్వాలి. అసలు చిక్కు అక్కడే ఉంది. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించారు. పెద్ద సంస్థ తనకొచ్చిన విదేశీ నిధిని చిన్న సంస్థకు పంచే వీలు పోయింది. పాలనా ఖర్చుల పరిమితి 50 నుంచి 20 శాతానికి తగ్గింది. మండల స్థాయి సంస్థలకు ఈ సవరణే పెద్ద దెబ్బ. కంపెనీల చట్టం కింద 2014 నుంచి కార్పొరేట్ సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) నిధులు వస్తున్నా, అవి ఎక్కువగా కంటికి కనిపించే పనులకే పోతాయి. బడి గది, నీళ్ల ప్లాంటు, కుట్టు మిషన్లు అయితే ఫొటో దొరుకుతుంది. ఒక కార్యకర్తకు రెండేళ్లు లెక్కలు, చట్టం, ప్రతిపాదన రాయడం నేర్పించడానికి ఏ పద్దూ ఉండదు. ఆదాయపు పన్ను మినహాయింపు రిజిస్ట్రేషన్‌ను గడువు తీరినప్పుడల్లా పొడిగించుకోవాలి, సీఎస్‌ఆర్ కోసం విడిగా నమోదు కావాలి. కాగితాలన్నీ ఇంగ్లిష్‌లో ఉంటాయి. తెలుగులో అద్భుతంగా సభ నడిపే ఆడమనిషి ఆ కాగితాల దగ్గర ఆగిపోతుంది.

పైగా ప్రాజెక్టు అయిపోతే ఉద్యోగం పోతుంది. కాస్త పని నేర్చిన కుర్రాడు హైదరాబాద్ బస్సెక్కుతాడు. అమ్మాయి అయితే పెళ్లి, పిల్లలు, చీకటి పడ్డాక ప్రయాణం. కార్యకర్త బండికి పెట్రోలు, చంటిబిడ్డను చూసుకునే మనిషి, రాత్రి ఉండటానికి భద్రమైన చోటు చిన్న విషయాలుగా కనిపిస్తాయి. వీటికి డబ్బు కేటాయించని సంస్థలో ఆడవాళ్లు ఫీల్డులోనే మిగిలిపోతారు, కుర్చీ దాకా రారు.

మార్పు ఎలా సాధ్యమో చూపే సంస్థలు తెలుగు నేల మీదే ఉన్నాయి. 1969లో అనంతపురంలో విసెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్, 2009లో ఆయన పోయాకా ఆగలేదు. ఊళ్లలోని స్థానికులే సిబ్బందిగా ఎదిగిన వ్యవస్థ అప్పటికే ఉంది. జహీరాబాద్ దగ్గర డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో దళిత ఆడవాళ్ల సంఘాలు విత్తనాలను తామే కాపాడాయి, 2008 నుంచి సంఘం రేడియోను తామే నడిపాయి. సంస్థను నడిపించిన పి.వి. సతీష్ 2023లో కన్నుమూశారు. ఆయన ఉన్న రోజుల్లోనే మైకు, కెమెరా, విత్తన బుట్ట సంఘాల చేతిలో ఉన్నాయి.

ఉమ్మడి మహబూబ్‌నగర్ సంస్థలు తొలి అడుగుల కోసం కొత్త నిధుల దాకా ఆగనక్కర్లేదు. ఏటా బడ్జెట్‌ను సిబ్బంది అందరి ముందు తెలుగులో చదవవచ్చు. దాతతో జరిగే ప్రతి మాటకూ ఇద్దరు కార్యకర్తలను వెంట తీసుకెళ్లి, వచ్చే ఏడాది వాళ్లనే మాట్లాడనివ్వవచ్చు. సొసైటీ రిజిస్ట్రేషన్‌కు కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ఆ జాబితాలో బంధువుల పేర్ల బదులు మండల సమాఖ్యలో పదవి చేసిన ఆడమనిషి, సామాజిక తనిఖీ చేసిన యువకుడు, చెంచు పెంట నుంచి డిగ్రీ చదివిన అమ్మాయి ఉండవచ్చు. అధ్యక్షుడి పదవికి గడువు రాసుకోవచ్చు.

దాతలు చేయాల్సిందీ ఉంది. మూడేళ్ల గ్రాంటులో ఒక పద్దు మనుషుల ఎదుగుదలకు కేటాయించాలి. ప్రతిపాదనలు, నివేదికలు తెలుగులో తీసుకోవాలి. కస్తూర్బా విద్యాలయాల నుంచి, గురుకులాల నుంచి ఈ మూడు జిల్లాల్లో ఏటా అమ్మాయిలు చదువు ముగించి బయటికొస్తున్నారు. వాళ్లలో చాలామంది కుటుంబాల్లో ఇంటర్ చదివిన తొలి మనిషి వాళ్లే. గ్రామ సమాఖ్య పుస్తకం రాయడం నుంచి సంస్థ చెక్కు మీద రెండో సంతకం పెట్టడం దాకా వాళ్లకు దారి వేయాలంటే, ఈ ఏడాది బడ్జెట్ రాసేటప్పుడే ఒక ఉద్యోగానికి, ఒక బండికి, రెండేళ్ల శిక్షణకు లెక్క కట్టి పెట్టాలి.