వార్తల్లో పదం: స్ట్రెప్టోకాకస్ సూయిస్

జ్వరం, భరించలేని తలనొప్పి, మెడ బిగుసుకుపోవడం: మెనింజైటిస్ అనగానే డాక్టర్లు చూసేవి ఇవే. వీటికి తోడు రోగి ‘చెవులు వినబడట్లేదు’ అన్నాడంటే, తప్పక అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: పందులతో పనిచేస్తారా?

ఎందుకంటే ఈ జబ్బుకు కారణం స్ట్రెప్టోకాకస్ సూయిస్ కావచ్చు. పందుల ముక్కులో, గొంతులో ఉండే బ్యాక్టీరియా ఇది. లాటిన్‌లో ‘సూయిస్’ అంటే పందికి చెందినది. మనుషుల్లో దీన్ని 1968లో డెన్మార్క్‌లో తొలిసారి గుర్తించారు. 2005లో చైనాలోని సిచువాన్‌లో 200 మందికి పైగా జబ్బుపడ్డారు, 38 మంది చనిపోయారు. ఎక్కువమంది జబ్బుపడిన పందులను ఇంటి దగ్గరే కోసుకున్న చిన్న రైతులు. మాంసం కోస్తుంటే వేలికి పడిన చిన్న గాటు చాలు, క్రిమి ఒంట్లోకి దూరడానికి. వియత్నాంలో మరో దారి ‘తియెత్ కాన్’: గడ్డకట్టించిన పచ్చి రక్తం మీద వేరుశనగపప్పు, ఆకులు చల్లి తింటారు.

పెన్సిలిన్, సెఫ్‌ట్రియాక్సోన్‌లకు ఈ క్రిమి లొంగుతుంది. బాధాకరమైన సంగతేమిటంటే, లోపలి చెవి దెబ్బతింటే ప్రాణం దక్కినా వినికిడి తిరిగి రాకపోవచ్చు. మనుషులకు టీకా లేదు. కోసేవాళ్ల చేతికి తొడుగులు, తినేవాళ్లకు బాగా ఉడికిన మాంసం. ప్రస్తుతానికి ఉన్న రక్షణ అదే.