మోజార్టు సొనాటాలు – ప్రాధాన్యవిచారము

1778వ సంవత్సరమునఁ బారిసు నగరమున ముద్రితములైన మోజార్టు సొనాటాలాఱును వయొలిను తోడుగాఁ గల మెట్లవాద్యరచనలని ముఖపత్రమందే చెప్పఁబడినవి. సహార్థకపదయోగమున నప్రధానమునకే తృతీయావిభక్తినిఁ బాణిని విధించెను. ఆ మర్యాదనుబట్టి యిచ్చట వయొలిను అప్రధానము. నేఁటి సభలందన్ననో వయొలినే ప్రధానముగాఁ దోఁచును. ఈ వైపరీత్యమునకు వాద్యములు మాఱుట యొక కారణము.

మోజార్టు వాడిన ఫోర్టెపియానో వియెన్నాలో ఆంటోన్ వాల్టరు నిర్మించినది. నేఁడు సాల్జుబర్గున నున్నది. దానికి ఐదుస్థాయిల మేర 61 మెట్లు, కొయ్యచట్రము, సన్నని తీఁగలు, తోలు తొడిగిన చిన్నసుత్తులు. నాదము స్ఫుటముగాఁ బుట్టి శీఘ్రముగా నణఁగును. నాఁటి వయొలినునకుఁ బ్రేఁగుతంతులు. కావున రెంటి నాదమును సులభముగాఁ బొసఁగును. నేఁటి పియానో యినుపచట్రమును, 88 మెట్లును, దట్టమైన మంద్రమును గలది. అందుచే వాదకుఁడు చేతిబలమును దగ్గింపవలెను. లేదా ధ్వనిముద్రకుఁడు మైక్రోఫోనులచే వయొలినును బైకిఁ దేవలెను.

ప్రాచీనవాద్యములతో నీ సర్దుబాటు చాలవఱకు ననావశ్యకము. అయినను వేఱు కష్టములు గలవు. మైక్రోఫోను మిక్కిలి దగ్గఱైనచో సుత్తుల చప్పుడు వినఁబడును. కొయ్యయుఁ బ్రేఁగును గాలితేమకు లోనగుటచే మాటిమాటికి శ్రుతి సరిచూడవలెను. ఇసబెల్ ఫౌస్టు, అలెగ్జాండర్ మెల్నికోవులు వాల్టరు వాద్యపుఁ బ్రతికృతితో నిట్టి ధ్వనిముద్రణములు గావించిరి.

ఆ యాఱింటిలో మొదటిదైన జి-మేజరు సొనాటా ప్రారంభమున వయొలినే పాట నెత్తుకొనును. మెట్లవాద్యము దాని ననుసరించును. పిదప రెండును దావులు మార్చుకొనును. కావున ముఖపత్రవాక్యము నాఁటి వ్యవహారమును దెలుపునదియే కాని సంగీతస్వరూపమును నిర్ణయించునది గాదు. ప్రాధాన్యము వాద్యమున స్థిరముగాక ప్రతివాక్యమునను మాఱుచుండును. ఆ మార్పు చెవికిఁ దెలియుటయే యిట్టి ధ్వనిముద్రణమునకుఁ బ్రయోజనము.