షెరీఫ్ చేతిలో ఓటు చీటీ

ఎన్నికలు వచ్చాయంటే మన పల్లెల్లో గోడలకు సున్నం పడుతుంది. దానిపై పార్టీ గుర్తు వెలుస్తుంది. అక్షరం రాని వారికి కూడా విషయం చెప్పేది ఆ గుర్తే. 1989లో పోలండ్ ప్రతిపక్షం ఇదే సూత్రాన్ని నమ్ముకుంది.

కథ 1980 ఆగస్టులో మొదలైంది. గ్డాన్‌స్క్ నౌకానిర్మాణ కేంద్రంలో ఎలక్ట్రీషియన్ లేక్ వలేసా నాయకత్వాన కార్మికులు సమ్మె చేశారు. ఆ సమ్మె నుంచి సాలిడారిటీ సంఘం ఆవిర్భవించింది. సంఘం పేరును చిత్రకారుడు యెజి యానిషెవ్‌స్కి తెల్లని నేలపై ఎర్రని అక్షరాలతో గీశారు. అవి వరుసలో బుద్ధిగా నిలబడవు. కిక్కిరిసిన ఊరేగింపులో జనం మాదిరిగా ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. వాటిలో ఒక అక్షరం జాతీయ పతాకాన్ని ఎత్తి పట్టుకుంటుంది. అంతవరకు పాలక పార్టీ సొత్తుగా ఉన్న ఎరుపు ఆ విధంగా కార్మికుల పక్షానికి వచ్చింది.

1981 డిసెంబరు 13న సైనిక పాలన విధించారు. వేలాది మందిని నిర్బంధించారు. మరుసటి ఏడాది సంఘాన్ని నిషేధించారు. ఆ గుర్తు ధరించడమే నేరమైన ఆ రోజుల్లో కొందరు రేడియోలో వాడే చిన్న రెసిస్టర్‌ను చొక్కాకు గుచ్చుకుని తిరిగారు. పోలిష్‌లో దాని పేరు వినగానే 'ప్రతిఘటన' అన్న మాట స్ఫురిస్తుంది. రేడియో మరమ్మతు చేసేవారి పెట్టెలో దొరికే ఆ ముక్కకు అంత గౌరవం దక్కడం విశేషమే.

చర్చల అనంతరం 1989 ఏప్రిల్‌లో సంఘానికి తిరిగి గుర్తింపు లభించింది. జూన్ 4న పోలింగు. దిగువ సభలోని 460 స్థానాల్లో 161కి, సెనేట్‌లోని 100కి మాత్రమే స్వేచ్ఛగా పోటీ. టీవీ ప్రభుత్వం చేతిలో ఉంది. ప్రతిపక్షానికి మిగిలినవి ప్రధానంగా గోడలే. ఓటు వేస్తే మళ్లీ సైన్యం దిగుతుందేమోనన్న భయం జనంలో ఉంది.

అప్పుడు తొమాష్ సార్నెట్‌స్కి అనే యువ చిత్రకారుడు 1952 నాటి అమెరికా చిత్రం 'హై నూన్'లో గ్యారీ కూపర్ బొమ్మను తీసుకున్నారు. నలుపు తెలుపుల్లో షెరీఫ్ మన వైపే నడిచి వస్తుంటాడు. చేతిలో తుపాకీకి బదులు ఓటు చీటీ. ఛాతీపై షెరీఫ్ నక్షత్రం, దానికి పైన సాలిడారిటీ బిళ్ల. సినిమాలో దుండగులు వస్తున్నారని తెలిసి ఊరంతా తలుపులు మూసుకుంటే అతడు ఒంటరిగా మిగులుతాడు. పోస్టరులో మాత్రం అతని వెనుక ఆ ఎర్రని అక్షరాల గుంపు నిలబడి ఉంటుంది. ఈ వ్యాసకర్తకు అన్నిటికన్నా నచ్చినది ఈ మార్పే.

అక్కడి ఓటు పద్ధతి కూడా వేరు. మనం నచ్చినవారి గుర్తుపై ముద్ర వేసేవాళ్లం. వారు నచ్చనివారి పేర్లను కలంతో కొట్టివేయాలి. రెండు విడతలు ముగిసేసరికి 161 స్థానాలూ సాలిడారిటీకి దక్కాయి. సెనేట్‌లో 99 వచ్చాయి. పోటీయే లేని జాతీయ జాబితాలో నిలిచిన 35 మంది ప్రముఖుల్లో 33 మంది పేర్లను సగానికి పైగా ఓటర్లు కొట్టివేశారు.