అంగుళంలో ఆరడుగులు



లెక్కల పీరియడ్‌లో “ఈ నిష్పత్తులు ఎందుకు పనికొస్తాయి సార్?” అని మనమే అడుగుతాం. దానికి జవాబుగా ఒక బుల్లి విమానం సంగతి చెబుతాను.

పాత యుద్ధవిమానాల నమూనాలు చేయడం కొందరికి సరదా. వాళ్ళు ఎక్కువగా వాడే కొలతల్లో ఒకటి 1/72. అసలు విమానంలో 72 అంగుళాలు ఉన్నది నమూనాలో ఒక్క అంగుళం. అంటే ఆరడుగుల పైలట్ అంగుళం మనిషి అవుతాడన్నమాట!

నాట్ విమానాన్ని తీసుకుందాం. దీన్ని బ్రిటన్‌లోని ఫోలాండ్ కంపెనీ రూపొందించింది. 1955లో మొదటిసారి ఎగిరింది. తర్వాత మన బెంగుళూరులోనూ తయారైంది. పొడవు 8.74 మీటర్లు, రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకు 6.73 మీటర్లు. 72తో భాగించండి. పొడవు 12.1, రెక్కలు 9.3 సెంటీమీటర్లు. అరచేతిలో పట్టేస్తుంది!

దీన్ని రెజిన్‌తో ముద్రిస్తారు. రెజిన్ అంటే మనం ఏరి అమ్మే తపసి జిగురు అనుకునేరు, కాదు. ఇది రసాయనాలతో చేసిన చిక్కటి ద్రవం. అతినీలలోహిత కాంతి తగిలితే గట్టిపడుతుంది. ముందుగా కంప్యూటర్‌లో విమానం ఆకారం గీస్తారు. కంప్యూటర్ దాన్ని సన్నని పొరలుగా కోస్తుంది. రెజిన్ తొట్టి అడుగు నుంచి ఒక్కో పొర ఆకారంలో కాంతి పడుతుంది. ఆ మేరకే గట్టిపడుతుంది. మట్టిగోడ ఒక వరస ఆరాక ఇంకో వరస పెట్టినట్టే! కాకపోతే ఇక్కడ బొమ్మ తలకిందులుగా వేలాడుతూ పెరుగుతుంది.

ఒక్కో పొర మందం సుమారు 0.05 మిల్లీమీటర్లు. నాట్‌ను నిలువుగా ముద్రిస్తే దాదాపు 2,400 పొరలు! తర్వాత స్పిరిట్‌లో కడిగి, మళ్ళీ కాంతిలో పెట్టి, గరుకు కాగితంతో రుద్ది రంగులు వేస్తారు.

ప్లాస్టిక్ నమూనాలకు ఖరీదైన ఉక్కు అచ్చులు కావాలి. వేలల్లో అమ్ముడైతేనే గిట్టుబాటు. దీనికి అచ్చు అక్కర్లేదు. అందుకే జనం మరిచిపోయిన విమానాలు కూడా మళ్ళీ రూపు కడుతున్నాయి.

జాగ్రత్త! పచ్చి రెజిన్ చర్మానికి తగిలితే దద్దుర్లు రావచ్చు. చేతి తొడుగులు తప్పనిసరి. మిగిలినది కాలువలో పారబోయకూడదు, చేపలకు ప్రమాదం.

ఇప్పుడు అసలు చిక్కు. విమానం రేకు మందం 1 మిల్లీమీటరు అనుకుందాం. 72తో భాగిస్తే 0.014 వస్తుంది. ఒక్క పొర కంటే పలుచన! అది ముద్ర పడదు. అందుకే రెక్క అంచుల్ని, యాంటెనాల్ని కాస్త మందం చేస్తారు. అంటే లెక్క తప్పినట్టే. తప్పకపోతే విరుగుతుంది. ఎక్కడ, ఎందుకు తప్పించాడో తెలిసినవాడే మంచి పనివాడు. తెలియకుండా తప్పితే అది ఉత్త ఆటబొమ్మ.

1971 డిసెంబరు 14న శ్రీనగర్ విమానాశ్రయం మీద పాకిస్తాన్ సేబర్ విమానాలు దాడి చేస్తుండగానే, ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జీత్ సింగ్ సెఖోన్ నాట్‌లో పైకి లేచి పోరాడి ప్రాణమిచ్చారు. వాయుసేనలో పరమవీరచక్ర పొందింది ఆయన ఒక్కరే. ఆ బుల్లి సీటు చూస్తే, ఎంత చిన్న విమానంలో వెళ్ళారో తెలుస్తుంది. అందుకే కొలత నిజంగా ఉండాలి.

మీకో లెక్క: మన హాస్టల్ వరండా కొలిచి 72తో భాగించండి. జవాబు వచ్చే సంచికలో!

– 9వ తరగతి విద్యార్థి